కాలవగట్టు దారినే పోనివ్వండి

నా వీడ్కోలు సభకి అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దడాక్టరమ్మ గారికి, పక్కన కూర్చున్న పెద్దలకి, ఆఫీసువారికి, నర్సమ్మలకి, నా తోటి డ్రైవర్లకి, ముందు వరసలో ఉన్న మా బండి పిల్లలకి, వాళ్ళ అమ్మానాన్నలకి నమస్కారం.

నేను మాటకారిని కాను. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఆ అయిదేళ్ళూ మాస్టారు ప్రశ్న అడిగినప్పుడల్లా ముందున్నవాడి వీపు వెనక దాక్కున్నాను. డ్రైవరు ఉద్యోగంలో ఆ తిప్పలు లేవు, అందరూ మన వీపే చూస్తారు. అందుకే ఇది నాకు నచ్చింది. (నవ్వులు) "రాసుకుని వెళ్ళి చదవండి, లేకపోతే మీరు సెలవుతోనే మొదలుపెడతారు" అని మా ఇంటావిడ అంది. రాసుకొచ్చాను. కాగితం చప్పుడైతే ఏమీ అనుకోకండి.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో బండికి ఒక్క గీత పడనివ్వలేదని ఇందాక ఆఫీసు పెద్దాయన చెప్పారు. నిజమే, బండికి పడలేదు. ఆయన ఆ మాట అంటున్నంతసేపూ నాకు కుర్చీలో ముళ్ళున్నట్టే ఉంది. ఎందుకో చెబుతాను.

చివరి నాలుగేళ్ళూ నేను నడిపింది పిల్లల బండి. ఊపిరితిత్తుల జబ్బు ఏళ్ళ తరబడి ఉన్న పదకొండుమంది పిల్లలని పొద్దున్నే ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, వీపు తట్టి కఫం తీయించడానికీ, ఊపిరి కసరత్తులకీ ఈ ఆసుపత్రికి తేవడం నా పని. వాళ్ళలో ఒక పిల్లకి నేను పెట్టుకున్న పేరు పిచ్చుక. ఎనిమిదేళ్ళు. నెలలు నిండకుండా పుట్టి, మొదటి మూడు నెలలు గాలి మిషను మీదే బతికింది. ఆ లోటంతా ఇప్పుడు మాటల్లో తీర్చుకుంటుంది. "తాతా, ఆ లారీకి ఎన్ని చక్రాలో చెప్పు. తాతా, నీ మెడ మీద పుట్టుమచ్చ నీకు కనపడదుగా, మరి ఉందని నీకెలా తెలుసు?" ఇదీ వరస. (నవ్వులు) అదిగో, ఇప్పుడు కూడా మాట్లాడుతూనే ఉంది. అమ్మా, దాని నోరు మూయించకండి. మాట్లాడనివ్వండి. ఎందుకో అదీ చెబుతాను.

ఆ పిల్లకి చలిగాలి తగలకూడదని, దగ్గొస్తే నడుం వాల్చుకోవచ్చని, నేనే ఆలోచించి వెనక పొడుగు సీటు ఇచ్చాను. కిటికీలు బిగించాను. వాళ్ళమ్మ "సొంత తాతకన్నా బాగా చూస్తున్నారండీ" అంది. నాకు రోజంతా కడుపు నిండినట్టుంది.

ఒక రోజు మా నర్సమ్మ, అదిగో ఆ చివర తల వంచుకుని కూర్చున్నావిడ, నన్ను పక్కకి పిలిచింది. పిల్లలు గొట్టంలో ఊదితే ముల్లు కదిలి అంకె చూపిస్తుంది కదా, ఆ అంకెలు ఇంటి దగ్గరొకసారి, ఇక్కడొకసారి చూడమని తల్లులకి చెప్పిందట.

"పెద్దాయనా, మీ పిచ్చుక ఇంట్లో ఊదితే నూట ఎనభై. మీ బండి దిగి ఊదితే నూట నలభై. ఏం చేస్తున్నారు పిల్లని?"

నాకు కోపం వచ్చింది. "నేనేం చేస్తానమ్మా? కాలు కింద పెట్టనివ్వడం లేదు."

"ఎక్కడ కూచోబెడుతున్నారు?"

మర్నాడు ఆవిడే వచ్చి ఆ వెనక సీట్లో కూర్చుంది. దిగాక తెల్ల జేబురుమాలుతో వెనక తలుపు అంచు తుడిచి నాకు చూపించింది. మసి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు అరిగిపోయింది. బండి కింద పొగగొట్టంలోంచి వచ్చే పొగ ఆ సందులోంచి లోపలికి వస్తోంది. నేను బిగించిన కిటికీలు దాన్ని బయటికి పోనివ్వడం లేదు. ఏడు నెలలు ఆ పిల్లని నేను ప్రేమగా, జాగ్రత్తగా, పొగలో పడుకోబెట్టాను. బయట అద్దాలు రోజూ తుడిచినవాణ్ణి, ఆ అంచు మీద ఒక్కసారి వేలు పెట్టి చూడలేదు.

పెద్దడాక్టరమ్మ గారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "బాగున్న ఊపిరితిత్తి అయితే పొగ పడితే దగ్గి ఊరుకుంటుంది. దెబ్బతిన్నదానికి అంత ఓపిక ఉండదు, పోయిందంతా తిరిగి వస్తుందని చెప్పలేం" అన్నారు, అంతే. ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

రబ్బరు మార్పించాను. సీటు మార్చాను. అంకె పెరిగింది. కానీ పూర్తిగా కాదు. మన దారి లారీల అడ్డా మీదుగా కదా. పోయిన ఏడాది ఒక పొద్దున అక్కడ ఇరుక్కుపోయాం. ముందు లారీ, వెనక లారీ, అన్నీ ఇంజన్లు ఆపకుండా ఊదుతున్నాయి. పిచ్చుక చక్రాలు లెక్కపెడుతోంది. పది, పన్నెండు, పద్నాలుగు... అక్కడ ఆగిపోయింది. నేను పదహారు కోసం చూశాను. రాలేదు. వెనక్కి తిరిగితే పిల్ల సీటు అంచు పట్టుకుని, భుజాలు పైకెత్తి, నోరు తెరుచుకుని ఉంది. పెదాలు నేరేడు పండు రంగు. బండిలో ఉంచే ఆక్సిజన్ సిలిండరు తిప్పి మాస్కు తొడిగాను. మళ్ళీ మాట రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. వచ్చిన మాట మాత్రం గుర్తుంది. "పదహారు, తాతా."

(కొంచెం మంచినీళ్ళిస్తారా... వద్దులెండి, చదివేస్తాను.)

మర్నాటి నుంచి కాలవగట్టు మీదుగా తిప్పాను. లారీలు రాని దారి. పావుగంట ఎక్కువ. ఎవర్నీ అడగలేదు. మొదటి వారం ఆలస్యమైతే ట్రాఫిక్ అని అబద్ధం చెప్పాను. "ఆ ట్రాఫిక్కు నీకొక్కడికే దొరుకుతోందేంటయ్యా?" అన్నారు గుమాస్తా గారు. (నవ్వులు) క్షమించండి బాబూ, లేదు ట్రాఫిక్కు. తరవాత పావుగంట ముందే బండి తీయడం మొదలుపెట్టాను. పదకొండు నెలలు అలాగే చేశాను, ఎవరికీ చెప్పకుండా.

నా తప్పు ఇక్కడే ఉంది. అప్పుడే ఈ గదికి వచ్చి నిలబడి చెప్పాల్సింది. సిగ్గు. ఎలా చెప్పాలో తెలీక దొంగతనంగా మంచి చేశాను. నిన్న కొత్త డ్రైవరు తమ్ముడి చేతిలో ఆఫీసువారి కాగితం చూశాను. ఏడింటికి బయలుదేరాలి, లారీల అడ్డా మీదుగా రావాలి, ఎనిమిదికల్లా ఇక్కడ ఉండాలి. నా చాటు పావుగంట ఏ కాగితంలోనూ లేదు. ఉండదు కదా, నేనెప్పుడూ చెప్పలేదు. తమ్ముడు మంచివాడు, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేస్తాడు. దానికే నాకు నిద్ర పట్టలేదు.

పెద్దడాక్టరమ్మ గారూ, నాకు గోడగడియారం ఇచ్చారు, సంతోషం. ఇంట్లో ఒకటి ఉంది. దీని బదులు ఆ కాగితంలో ఏడు కొట్టేసి పావు తక్కువ ఏడు అని రాయించండి, కింద కాలవగట్టు అని ఒక్క మాట. పిల్లల అంకెలు నర్సమ్మ దగ్గరున్నాయి, నా మాట నమ్మక్కరలేదు, అవి చూడండి.

తమ్ముడూ, నీకో మాట. వెనక తలుపు అంచు రోజూ వేలితో తుడిచి చూసుకో. ఇంజను ఆపకుండా పిల్లల్ని ఎక్కించకు. పిచ్చుక బుర్ర తినేస్తుంది, విసుక్కోకు. మాట్లాడుతున్నంతసేపూ నువ్వు ధైర్యంగా నడపొచ్చు. మాట ఆగితే వెంటనే వెనక్కి చూడు.

ఇన్నేళ్ళు నన్ను భరించిన మీ అందరికీ, ముఖ్యంగా ఆ జేబురుమాలుకీ, నా కృతజ్ఞతలు.

రేపు పొద్దున్న రెండు దారులూ విడిపోయే మలుపు దగ్గర నేను నిలబడి ఉంటాను. పావు తక్కువ ఏడు నుంచీ ఉంటాను. బండి ఆపక్కరలేదు, చెయ్యి ఊపక్కరలేదు. ఎటు తిరుగుతుందో చూసి ఇంటికి పోతాను.

సెలవు.