తడిగుడ్డతో చుట్టిన టేపు

నా పేరు మీరు పైన రాసుకున్నారు, మళ్ళీ నా నోట చెప్పించకండి. వయసు యాభై మూడు. రేవు వీధిలో మా ఆయనా నేనూ గాలాల దుకాణం నడుపుతున్నాము. నడిసముద్రంలో జిగ్గింగ్ చేసేవాళ్ళకి, అంటే సీసపు చేపబొమ్మని లోతుకి దింపి కుదుపుతూ పెద్ద చేపల్ని పట్టేవాళ్ళకి, కావలసిన రాడ్లూ రీళ్ళూ అమ్ముతాము. రీళ్ళు విప్పి బాగుచేయడం ఆయన పని. వాటికి కొత్త దారం చుట్టడం నా పని. పెళ్ళయినప్పటి నుంచీ, అంటే ఇరవై తొమ్మిదేళ్ళుగా చుడుతున్నాను. నేను చుట్టిన దారం చిక్కుపడిందని ఇంతవరకు ఒక్కరూ తిరిగి రాలేదు.

పాత రికార్డింగు టేపులు బాగుచేసే మాస్టారు నామీద ఫిర్యాదు ఇచ్చారు. ఆయన దుకాణంలోంచి ఒక స్పూలు టేపు ఎత్తుకుపోయి పాడుచేశానని. ఎత్తుకుపోయిన మాట నిజం. పాడుచేసిన సంగతి తర్వాత చెప్తాను. ముందు ఇది రాసుకోండి. బయట బల్ల మీద కూర్చున్న మా ఆయన ఆ మాస్టారిని బతిమాలి, ఫిర్యాదు వెనక్కి తీసుకోమంటున్నారట. టేపు ఇంటికి పట్టుకెళ్తారట. నేను ఒప్పుకోను. కేసు పెట్టండి.

ఆయనకి నేను రెండో భార్యని. మొదటావిడ జ్వరమొచ్చి ఇరవై అయిదేళ్ళకే పోయింది. ఆ తర్వాత రెండేళ్ళకి నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాను. ఆవిడ ఫోటో ముందు గదిలో ఉంది. దాని దుమ్ము రోజూ నేనే తుడుస్తాను. ఫోటోతో నాకెప్పుడూ పేచీ లేదు. ఫోటో మాట్లాడదు కదా.

నెల రోజుల నుంచి మా ఆయన మధ్యాహ్నం కాగానే చేతిలో పని వదిలేసి రెండు వీధుల అవతలికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఎక్కడికండీ అంటే, "టేపు మాస్టారి దగ్గర సన్న నూనె దొరుకుతుందే, మన రీళ్ళకీ పనికొస్తుంది" అన్నారు. సరే అనుకున్నాను. కానీ సార్, చిన్న సీసాడు నూనె కోసం వెళ్ళే అరవయ్యేళ్ళ మనిషి తల దువ్వుకుని వెళ్తాడా? ఉతికిన చొక్కా వేసుకుని వెళ్తాడా? 

సోమవారం నాలుగింటికి వెనకాలే వెళ్ళాను. మాస్టారి దుకాణం షట్టరు సగం దించి ఉంది. లోపల ఒక ఆడమనిషి నవ్వుతోంది. నవ్వి, "అబ్బ, ఏం చేతులు నీవి!" అంది. నా ఒళ్ళు భగ్గుమంది. నేను ఇరవై తొమ్మిదేళ్ళుగా 'మీరు' అంటున్న మనిషిని ఎవత్తో 'నువ్వు' అంటోంది. చెప్పు చేతిలోకి ఎప్పుడు వచ్చిందో నాకే తెలీదు. షట్టరు కిందనుంచి వంగి లోపలికి దూరాను.

లోపల మాస్టారు ఉన్నారు, మా ఆయన ఉన్నారు. బల్ల మీద పెద్ద మిషన్, దాని మీద రెండు స్పూళ్ళు తిరుగుతున్నాయి.

"ఎక్కడ అది?" అన్నాను.

"ఎవరమ్మా?" అన్నారు మాస్టారు.

"ఇప్పుడు నవ్వింది చూడండి, అది."

మాస్టారు మిషన్ వైపు చెయ్యి చూపించారు. మా ఆయన తలెత్తలేదు. "ఆమేనే," అన్నారు.

"ఏ ఆమె?"

"ఆమే."

అప్పుడు తెలిసింది. మా ఆయన కొత్తగా జిగ్గింగ్ నేర్చుకునే రోజుల్లో పెరట్లో రాడ్ పట్టుకుని సాధన చేసేవారట. చెయ్యి లయ తప్పేదట. అందుకని మొదటావిడ పక్కన కూర్చుని లెక్క చెప్తూ, తను లేనప్పుడు వినమని వాళ్ళ నాన్న టేప్ రికార్డర్లో రికార్డు చేసి పెట్టింది. "లాగు, తిప్పు. లాగు, తిప్పు. వదులు." మొత్తం టేపంతా ఇదే, మధ్యమధ్యలో నవ్వు, మెచ్చుకోలు. ఆ పాత టేపునే నెల కిందట మా ఆయన బాగుచేయమని మాస్టారికి ఇచ్చారట.

సార్, ఆ లెక్క నాకు తెలుసు. పడవ మీద రాడ్ పట్టుకున్నప్పుడల్లా మా ఆయన పెదాలు కదులుతుంటాయి. చేపలకి మంత్రం వేస్తున్నారా అని ఏడిపించేదాన్ని. పెళ్ళయిన కొత్తలో నా వెనక నిలబడి, నా చేతులు పట్టుకుని, చెవి దగ్గర "లాగు, తిప్పు" అంటూ నాకూ నేర్పారు. ఆ మాట నాకోసం పుట్టిందనుకున్నాను. వెర్రిదాన్ని.

బతికున్న ఆడదైతే జుట్టు పట్టుకునేదాన్ని. దీన్ని ఎక్కడ పట్టుకోను? పైగా పాతికేళ్ళ గొంతు, తేనె పోసినట్టుంది. నా గొంతు ఫోన్లో విన్నవాళ్ళు 'చెప్పండి సార్' అంటున్నారు.

మర్నాడు మాస్టారు తలుపు దగ్గరికి వేసి భోజనానికి వెళ్ళిన వేళ చూసి, స్పూలు తీసుకుని సంచిలో వేసుకున్నాను. రేవు చివరికి వెళ్ళి నీళ్ళలో పారేద్దామనే. దారిలో మా దుకాణం ముందు ఒక పడవ యజమాని రీలు కోసం నిలబడి ఉంటే, అతన్ని పంపించేద్దామని ఆగాను. సంచి బల్ల మీద పెట్టబోతే స్పూలు జారి కిందపడి గోడదాకా దొర్లింది. టేపంతా ఊడి నేలమీద కుప్ప పడింది.

ఆ కుప్పని అలాగే ఎత్తి సముద్రంలో వేయొచ్చు. ఎందుకు వేయలేదని మీరు అడిగారు. చిక్కుపడింది కళ్ళ ముందుంటే నా చేతులు ఊరుకోవు సార్, అదొక జబ్బు. చిక్కు తీశాను. స్పూలుని దారం చుట్టే మిషన్‌కి బిగించాను. రీలుకి ఎలా చుడతానో అలాగే చుట్టాను, తడిగుడ్డ వేళ్ళ మధ్య పెట్టుకుని, బాగా బిగువుగా. వదులుగా చుడితే పెద్ద చేప లాగినప్పుడు పై వరస దారం కింది వరసల్లోకి దిగబడిపోతుంది. టేపైనా అంతేననుకున్నాను. కావాలని లాగావా అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఒకటే చెప్పాను, నా చేతికి వేరే పట్టు తెలీదు. చుడుతున్నంతసేపూ నా పెదాలు మాత్రం "లాగు, తిప్పు" అంటూనే ఉన్నాయి. అదీ రాసుకోండి.

సాయంత్రం నేనే పట్టుకెళ్ళి మాస్టారి బల్ల మీద పెట్టాను. ఆయన ఒక కొస పట్టుకు చూసి తల పట్టుకున్నారు. "ఏం పని చేశావమ్మా! ఇది గాలం దారమా? అంత బిగిస్తే సాగిపోదూ? పైగా తడి!" అని కేకలేశారు. ఈ పొద్దున్నే మీ దగ్గరికొచ్చారు.

నష్టం ఎంతో తేల్చాలని మీరు మిషన్ తెప్పించి, ఇదే గదిలో పెట్టించారు. అందరూ విన్నారు. సాగిన టేపు కదా, గొంతు లావై, నెమ్మదై వచ్చింది. "లా...గు. తి...ప్పు." కాస్త వణుకు, కాస్త ఆయాసం. ఆ నవ్వు కూడా మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని నవ్వినట్టుంది. మీ కానిస్టేబుల్ మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకున్నాడు. నాకూ లోపల చల్లగానే ఉంది, అబద్ధమెందుకు.

మా ఆయన నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. మిషన్ దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు. కళ్ళు తుడుచుకుని, "ఉండుంటే ఈపాటికి ఇలాగే ఉండేది," అన్నారు. తర్వాత మాస్టారితో, "ఇంకోసారి పెట్టండి," అన్నారు.

ఇన్నేళ్ళూ నాకున్న ధైర్యం ఒక్కటే సార్. ఆవిడ ఎంత చక్కందైనా, ఆయనతో కలిసి ముసలిదయ్యింది నేను. జుట్టు నెరిసింది నాకు. ఆయన దగ్గితే లేచి నీళ్ళిచ్చింది నేను. ఆవిడకి లేనిదీ నాకున్నదీ అదొక్కటే. ఇప్పుడు అది కూడా నా చేతులతో నేనే చుట్టి ఆవిడకిచ్చాను.

అందుకే అడుగుతున్నాను. నన్ను దొంగని రాసుకోండి, లోపల పెట్టండి, నోరెత్తను. ఆ టేపుని మాత్రం సాక్ష్యమని సీలు వేసి మీ బీరువాలో పెట్టి తాళం వేయండి. మా ఇంటికి పంపకండి.

నేను చెప్పింది చెప్పినట్టే రాశారు, చదివి వినిపించారు, ఎవరూ భయపెట్టి చెప్పించలేదు. వేలిముద్ర వద్దు, దారం ఒరిసి ఒరిసి నా బొటనవేలి గీతలు ఎప్పుడో పోయాయి. సంతకమే చేస్తాను. కాగితం ఇలా ఇవ్వండి, తొందరగా. బయట బల్ల మీదికి మార్చిన ఆ మిషన్లో మా ఆయన మళ్ళీ పెట్టించుకుంటున్నారు, మీకు వినపడడం లేదా?

(సంతకం)