వాసన లేని డీజిల్

పాత బండి కొన్నావా? బావుంది, కూర్చో. ఇప్పటి డీజిల్ పోస్తే దాని ఇంజను ఏమవుతుందంటావా? చూసుకుంటే ఏమీ కాదురా అబ్బాయ్. ఈ ముక్క మా ముక్కాయన కూడా ముందే వచ్చి అడిగుంటే ఎంత బావుండేదో. ఆయన అడిగే రకం కాదు, తీర్పు చెప్పే రకం. నీకు తెలీదులే, నువ్వు పలకా బలపం పట్టే రోజుల్లోనే పోయాడు. ముక్కాయన అంటే ముక్కేదో గరిటంత ఉంటుందనుకునేవు, మామూలు ముక్కే. సొంత లారీ, తనే డ్రైవరు. బంకులో రెండు చుక్కల డీజిల్ అరచేతిలో వేసుకుని, రుద్ది, వాసన చూసి, ఇందులో కిరసనాయిలు కలిసిందనో కలవలేదనో చెప్పేసేవాడు. చెప్పాడంటే అంతే, తప్పేది కాదు. లారీల వాళ్ళంతా ఆయన మొహం చూసి పోయించుకునేవాళ్ళు. ఇక బంకు ఎవరిదనుకున్నావ్? సొంత బావమరిదిది. అక్క మొగుడు పక్కన నిలబడి సరే అంటే చాలు, ఆ బంకు ముందు లారీలు వరస కట్టేవి.

అలా ఉండగా కొత్త డీజిల్ వచ్చింది. గంధకం తీసేశారన్నమాట, పొగ తగ్గాలని. మంచిదే, కాదన్లేదు. కానీ గంధకంతో పాటు ఆ ఘాటు కూడా పోయింది. మనవాడు అరచెయ్యి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "ఇది డీజిల్ కాదు, ఇందులో ఏదో కలిపావ్" అన్నాడు, అందరి ముందూ. "కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టు పోస్తున్నా బావా, ఇది కొత్త రకం" అన్నాడు ఆ బావమరిది, మెత్తని మనిషి పాపం. "నా ముక్కుకే పాఠాలా?" అని చెయ్యి లుంగీకి తుడుచుకుని వచ్చేశాడీయన. అంతే, బంకు ఖాళీ. లారీలన్నీ పక్క ఊరు పోయాయి. అక్కడ పోసేదీ అదే డీజిల్, దానికీ వాసన లేదు. కానీ అక్కడ వాసన చూసేవాడెవడు? కళ్ళు మూసుకుని పోయించుకున్నారు. మన జనం సంగతి తెలిసిందేగా.

ఈలోగా ఆయన లారీలో ఇంజనుకి డీజిల్ అందించే పంపు కారడం మొదలుపెట్టింది. "చూశావా, వాడి కల్తీ!" అంటూ పంపు విప్పుకుని నా షెడ్డుకి తెచ్చాడు. అప్పట్లో నా దగ్గర అలాంటివి ఓ డజను పడున్నాయి, సగం పక్క ఊళ్ళో పోయించుకున్న బండ్లవే. పాత రబ్బరు సీళ్ళు పాత డీజిల్ తాగి ఉబ్బి ఉంటాయిరా. కొత్తది తగిలేసరికి ముడుచుకుపోతాయి, సందులు పడతాయి, కారతాయి. పైగా గంధకం తీసేటప్పుడు డీజిల్లో జిడ్డు కూడా తగ్గిపోతుంది, లోపల ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటాయి. కొత్త రకం సీళ్ళు వేసి, ట్యాంకులో కాస్త జిడ్డుమందు కలుపుకుంటే ఏ గొడవా లేదు. నీ బండికీ అదే వైద్యం. ఆ సీళ్ళన్నీ బల్ల మీద పరిచి చూపించా. ఆయన ఓ సీలు తీసి వాసన చూసి, కింద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచీ లారీల వాళ్ళ ఇళ్ళకి తిరిగాడు. "నా ముక్కు పొరబడింది, వాడు కల్తీ చెయ్యలేదు" అని. ఒక్కడు నమ్మితే ఒట్టు. "పెళ్ళాం పోరు పెట్టుంటుంది పాపం" అని నవ్వారు. వాళ్ళావిడ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది: "ముక్కుతో తీసిన పరువు నోటితో రాదు. ఆ బంకులోనే పోయించుకుని, ఆ పాత బండే అందరి కళ్ళ ముందూ తిప్పు. అది ఎక్కడైనా ఆగిందా, మా తమ్ముడు బంకు మూసుకోవాల్సిందే." ఇక చూడు, పసిపిల్లకి నలుగు పెట్టినట్టు చూసుకున్నాడు ఆ ఇంజన్ని. సీళ్ళు మార్పించాడు, జిడ్డుమందు కొలిచి పోసేవాడు, ఫిల్టరు నల్లబడకముందే తీసేసేవాడు. ఒక్క పైపు మాత్రం మార్చనివ్వలేదు. ట్యాంకు నుంచి పంపుకొచ్చే రబ్బరు పైపు. "నా పెళ్ళినాటిదిరా, నాకంటే గట్టిది" అనేవాడు. రోజూ పొద్దున్నే బంకుకి పోతే బావమరిది నిండా పోసేవాడు, మాట్లాడేవాడు కాదు. మాటలు మానేసి చాన్నాళ్ళయింది మరి. ఒకటీ అరా లారీలు మళ్ళీ రావడం మొదలైంది.

అప్పుడు ఆగింది. ఎక్కడా? మార్కెట్ వీధి మధ్యలో, మిట్టమధ్యాహ్నం. ముందూ వెనకా లారీలే. డ్రైవర్లంతా దిగొచ్చి చుట్టూ మూగారు. నేను పానాలు పట్టుకుని వెళ్ళేసరికి ఒకడు అంటున్నాడు కూడా, "చూశారా, ఆ బంకు డీజిలే" అని. నేను కిందకి దూరి చూస్తే ఆ పైపు చీలి గాలి లాగుతోంది, ఇంజనుకి డీజిల్ అందట్లేదు. నోరు తెరిచి చెప్పబోయా. చెప్పినా వినేదెవరు, అదీ ఆ డీజిలే తినేసిందంటారు. ఈలోపే ఆయన క్యాబిన్లోంచి తల బయటికి పెట్టి, అందరికీ వినబడేలా అరిచాడు: "డీజిల్ పోయించుకోవడం మర్చిపోయాన్రోయ్! ట్యాంకు ఖాళీ!"

నువ్వు లారీ డ్రైవరువి కాదు, నీకు తెలీదు. డీజిల్ బండిని ఖాళీ ట్యాంకుతో రోడ్డు మీద ఆపడం అంటే, తలెత్తుకు తిరిగే డ్రైవరుకి అంతకంటే అప్రతిష్ట లేదు. కొత్తగా నేర్చుకునేవాడు చేస్తేనే నలుగురూ ఏడిపిస్తారు. వీధంతా ఒకటే నవ్వు. "ముక్కాయనకి మతి పోయింది" అన్నారు, చచ్చేదాకా అంటూనే ఉన్నారు. ఆయన కూడా వాళ్ళతో పాటు నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. నాకు చూడబుద్ధి కాలేదు.

ఎవడో బంకుకి కబురు పెట్టాడు. బావమరిది క్యాను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పొద్దున తన చేత్తో నిండా పోశాడు కదా, ట్యాంకు ఖాళీ ఏమిటని వాడికీ అర్థం కాలేదు. మూత తీశాడు. లోపల డీజిల్ అంచుదాకా ఉంది. గబుక్కున జనానికి వీపు అడ్డం పెట్టి నిలబడి, క్యాను బిరడా తియ్యకుండానే వంచి పట్టుకున్నాడు.

"ఎంత పొయ్యను బావా?" అన్నాడు.

"నిండేదాకా పొయ్యి" అన్నాడు ఈయన.

అలా పోస్తూనే ఉన్నాడు, కింద నేను ఆ పైపు చీలిక కట్టేదాకా...

సర్లే. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా?