స్పానిష్‌లోనే అనుకోమన్నారు

మంచుబొమ్మ అండీ, మంచుబొమ్మ. మంచే పడని మా కాసాపా ఎండలో పుట్టిన ఏడేళ్ళ పిల్లకి మంచుబొమ్మ చూపించి పేరు అనుకోమంటే అదెక్కణ్ణుంచి తెస్తుంది, ఎలీహియో గారూ?

దెబ్బలాటకి రాలేదు. తాగుతున్న ఆ చల్లటి తెరెరే గ్లాసు కాసేపు పక్కన పెట్టి వినండి, చాలు.

మీ స్కానింగ్ మిషన్లో పడుకోబెట్టారు. కదలొద్దన్నారు. బొమ్మలు చూపించి, పేర్లు మనసులో అనుకోమన్నారు. స్పానిష్‌లోనే అనుకోమన్నారు, రాకపోతే ఊరుకోమన్నారు. మా నిల్దా ఊరుకుంది. ఇంట్లో మేం మాట్లాడేది గ్వారానీ. బడిలో నేర్చిన స్పానిష్ ఎంతని? పలకరింపులూ, అంకెలూ.

బయటికొచ్చాక వరండాలో నా ఒళ్ళో కూర్చుని అన్నీ గడగడా చెప్పింది, మన భాషలో. గొడుగు, గుడ్లగూబ, రంపం. మంచుబొమ్మని మాత్రం 'కర్రపెండలం పిండితో చేసిన బొద్దు తాత' అంది. నవ్వొచ్చింది. తర్వాత పరుగెత్తుకుంటూ మీ దగ్గరికొచ్చాను.

ఎందుకంటారేం? డాక్టర్ వెరాగారు తెర మీద చూపించారు. పేర్లు అనుకుంటున్నప్పుడు మెదడులో ఎక్కడ వెలుగుతుందో, అక్కణ్ణుంచే మాటల నరాల దారులు గీస్తారట. రేపు తలలో గడ్డ తీసేటప్పుడు ఆ దారుల్ని తప్పించి కోస్తారట. మా పిల్ల స్కాన్‌లో గడ్డ పక్కన అంతా చీకటే. దారి లేక కాదు. వెలగలేదు, అంతే.

"దీన్ని నమ్మి కత్తి పెట్టలేనమ్మా. గడ్డ కొంత వదిలెయ్యాలి, లేదా మాట పోయినా పోవచ్చు" అన్నారావిడ. ఇవాళ సాయంత్రం మీరు కాస్త వీలు చేస్తే మళ్ళీ తీయించడానికి ఆవిడకేం అభ్యంతరం లేదట. మీకుందా?

ఖాళీ లేదా? సరే. గ్వారానీలో పరీక్షే లేదంటారా? అదేం మాటండీ? బొమ్మలకి భాషేంటి, అడిగేవాళ్ళకి కదా ఉండాల్సింది? మైకు దగ్గర నేను నిలబడతాను. మీరు బటన్ నొక్కండి.

మీకా భాష రాదా? మరి ఇందాక ఫోన్లో మీ అమ్మగారిని మందులేసుకోమని కసురుకున్నది ఏ భాషలో? నన్ను చూసి గొంతు తగ్గించారు కూడా. నేనూ అంతేలెండి. పట్నం బస్సెక్కగానే తగ్గిస్తాను.

ఏమిటా కాగితం చూపిస్తారు? 'పిల్ల సహకరించలేదు' అనా? చదివాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చెప్పిన మాట విందండీ అది. ఊరుకోమంటే ఊరుకుంది.

రేపు ఆపరేషనయ్యాక కళ్ళు తెరిచి, నన్ను చూసి, నోరు మెదపకుండా పడుకుంటే?

అప్పుడూ ఇదే రాస్తారా?