మొదటి నుంచి రావలసిన మాట

గూడూరు, మిషన్ స్కూలు వెనక వీధి. ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, వసారాలో భోజనానికి కంచాలు పెడుతున్న ప్రేమలీలా, ఆమె అత్త సామ్రాజ్యమూ.

“ఆ స్పూను తీసెయ్ మే కంచంలోంచి.”

“స్పూను లేకపోతే మీ అబ్బాయి ఎట్టా తింటాడత్తా?”

“నువ్వు కలిపి ముద్దలు పెట్టు. చిన్నప్పుడు నేను పెట్టలా?”

“ముద్ద పెడితే నోరు తెరవడం లేదు. నిన్న చూసినారు కదా. ముప్పై మూడేళ్ళ మనిషి, సిగ్గుండదా?”

“ఎడం చేత్తో తినేదానికి సిగ్గు లేదు గానీ, పెళ్ళాం పెడితే సిగ్గా? ఆదివారం పూట మా తమ్ముడు భోజనానికొస్తా ఉండాడు. తియ్యమంటే తియ్యి.”

“చిన్నాయన చూడని స్పూనా ఇది?”

“స్పూను కాదే, చెయ్యి. ఆ ఎడం చెయ్యి కంచంలో చూడలేక చస్తా ఉండా.”

“కుడి చెయ్యి లేవడం లేదు కదత్తా.”

“లేవదా? లేపడా?”

“అత్తా!”

“ఏం, అడక్కూడదా? ఇందాక చర్చిలో నువ్వు లేవా? నాలుగు చరణాలు పాడినాడు. ఒక్క మాట తప్పినాడా? అయ్యగారు మెట్ల కాడికొచ్చి నా చెయ్యి పట్టుకుని, దేవుడు మీ బిడ్డ నోరు తెరిచినాడమ్మా, అన్నాడు. నేను ఏడ్చినా. ఏడ్చుకుంటా ఇంటికొచ్చి, మంచినీళ్ళు కావాలా నాయనా అని అడిగితే, గోడ చూస్తాడు! దేవుడు తెరిచిన నోరు నా ఇంటికొచ్చేటప్పటికి మూసుకపోతుందా?”

“పాట వేరు, మాట వేరు. మద్రాసులో డాక్టరు మన ముగ్గురికీ చెప్పినాడు.”

“ఆయన చెప్పేది ఆయన తప్పు కాచుకునేదానికి. ఆపరేషనుకి మత్తు ఎక్కువ ఇచ్చినారు. రెండు దినాలు లేవలా వాడు. ఆ మత్తు తలలోనే నిలిచిపోయింది.”

“మత్తు కాదత్తా, ఎన్నిసార్లు చెప్పేది? గుండెలో నెత్తురు గడ్డకట్టి ఉండింది. మూసుకపోయిన గుండె తలుపు డాక్టరు వేలు పెట్టి తెరిచేటప్పుడు ఆ గడ్డలో ఒక ముక్క ఊడి మెదడుకి పోయింది. కుడి చెయ్యీ, మాటా తలలో ఒకే పక్కన ఉంటాయంట. రెండూ దెబ్బ తిన్నాయి.”

“తెరిచింది గుండెనా, పోయింది నోరా! ఏం వైద్యమే ఇది?”

“వదినా... పొయ్యి మీద... పులుసు...”

“ఆనందా! నిన్నెవురు లెయ్యమన్నారు? కూర్చో ముందు. పులుసు నేను దించినాలే.”

“అడుగంటిన వాసన... వస్తే...”

“మాట్లాడబాక. గోడకి ఆనుకో. చూసినారా అత్తా? గదిలోంచి వసారాకి వచ్చింది, అంతే. రొమ్ము ఎట్టా ఎగురుతా ఉందో చూడండి.”

“ఆయాసం నాకూ వస్తుంది.”

“మీకు వయసుకి వస్తుంది. మీ కూతురికి ఇరవై రెండు. అన్నకీ చెల్లెలికీ చిన్నప్పుడు ఒకే కీళ్ళ జ్వరం, ఇప్పుడు ఒకే జబ్బు. ఆపరేషనుకి మద్రాసు ఆస్పత్రిలో గురువారం పడక ఇస్తామన్నారు. గురువారం మనం పోకపోతే ఆ పడక ఇంకొకరికి పోతుంది.”

“పోనీ.”

“పోనీ అంటే?”

“పోనీ అంటే పోనీ. తెలుగే కదా మాట్లాడతా ఉండా.”

“అమ్మా, నేను పడుకుని నిద్రపోయి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు? వీపు కింద మూడు దిండ్లు.”

“అన్నకీ అట్టే ఉండింది.”

“అవును, ఉండింది! ఇప్పుడు రాత్రిళ్ళు వెల్లకిలా పడుకుని గురక పెడతా ఉండాడు. వదిన్ని అడుగు. వీధి కుక్కలు కూడా మన అరుగు మీద పడుకోవడం మానేసినాయి.”

“నవ్వొస్తా ఉందా నీకు?”

“ఏడిస్తే ఆయాసం వస్తుందమ్మా.”

“ఏమక్కా! ఆదివారం పూట ఈ అరుపులేంది? వీధి మలుపు దాకా వినిపిస్తా ఉండాయి.”

“రా తమ్ముడూ, రా. నువ్వే తీర్చు ఈ పంచాయితీ. నా మాట చెల్లే ఇల్లు కాదిది.”

“కూర్చోండి చిన్నాయనా. ఆ సంచీ ఇట్టా ఇవ్వండి.”

“నిమ్మకాయలమ్మా. మార్కెట్టులో ఈ వారం ధర పడిపోయింది, ఇంటికి తెస్తేనే గౌరవం. ఏం ఆనందా, ఎట్టా ఉంది పాణం?”

“గురువారం పోతే బాగుంటుంది మామా.”

“అదా సంగతి. చూడమ్మా ప్రేమా, నువ్వు టీచరు ట్రైనింగు చదివినదానివి, నేను కాయలు అమ్ముకునేవాణ్ణి. అయినా పెద్దోణ్ణి కాబట్టి ఒక మాట. ఉన్న పాణాన్ని ఉన్నట్టు కాపాడుకుందాం. మాత్రలుండాయి, ఉప్పు మానేసింది, ప్రార్థన ఉంది. ఉన్నంతవరకూ...”

“ఉన్నంతవరకూ అంటే ఎంతవరకు చిన్నాయనా?”

“అది మన చేతిలో ఉందా?”

“మన చేతిలో ఉన్నది గురువారం ఒక్కటే. ఆనందకి నాడి సమంగా కొట్టుకుంటా ఉంది, గడ్డ కట్టే భయం తక్కువ, ఇప్పుడే తీసుకు రండి అన్నాడు డాక్టరు. ఈయన్ని మనం ఆలస్యంగా తీసుకపోయినాం.”

“భయం తక్కువ అన్నాడా, లేదన్నాడా?”

“తక్కువ అన్నాడు.”

“అదీ! లేదని ఏ డాక్టరూ అనడు. మీ ఆయన సంగతి చూడు. లెక్కల మాస్టరు! బోర్డు కాడ నిలబడితే పిల్లకాయలు ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఇప్పుడు చూడు, బొమ్మ మాదిరి మంచం మీద...”

“ఆయన ఇక్కడే ఉండాడు చిన్నాయనా. వింటా ఉండాడు.”

“వింటాడా?”

“అన్నీ వింటాడు. మీరు పోయినసారి వచ్చినప్పుడు, వీడు పోయినా బాగుండేది అన్నారే, అదీ విన్నాడు. ఆ పూట కంచం ముట్టలా.”

“నేనట్టా... ఏదో నోరు జారి...”

“మీకు జారేదానికైనా ఒక నోరుంది.”

“మే! మా తమ్ముణ్ణి అంటావా?”

“మిమ్మల్నీ అంటానత్తా. ఈ ఇంట్లో అందరూ ఆయన్ని చూపించి మాట్లాడేవాళ్ళే. ఆనందని పంపొద్దు, ఆయన్ని చూడండి. ఆపరేషను వద్దు, ఆయన్ని చూడండి. ఆయనేం అంటాడో అడిగినవాళ్ళు ఎవురు?”

“అడిగితే చెప్తాడా? చెప్తాడా మే? పొద్దున లేచి, నాయనా భాస్కరా అంటా. మధ్యాహ్నం అంటా. రాత్రి అంటా. ఒక్క ‘అమ్మా’ అన్నాడా? దేవుడికి నాలుగు చరణాలు పాడే నోటికి ‘అమ్మా’ బరువా? నాకు తెలుసులే ఎందుకో.”

“ఎందుకత్తా?”

“ఏం లేదులే. కంచాలు పెట్టు.”

“ఎందుకో చెప్పండి.”

“చెప్పేదేముంది? ఆపరేషను వద్దమ్మా, మాత్రలతో లాక్కొస్తా అన్నాడు వాడు. ఎవురు పంపినారు? నేను పంపినా. అన్నం మానేసి, ఒట్టు పెట్టి, రైలెక్కించినా. వాడు కళ్ళు తెరిచి నన్ను చూసినాడు. చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ రోజు నుంచి నాతో మాట లేదు. అది రోగం అంటారు మీరంతా. పాట వచ్చేవాడికి మాట రాదంటే నమ్మేదానికి నేను పిచ్చిదాన్నా? అది వాడు నాకు వేసిన శిక్ష. పోనీ, పడతా. ఇప్పుడు దీన్ని కూడా నా చేత్తోనే పంపమంటారు. ఇదీ నోరు మూసుకుని తిరిగొస్తే? ఇద్దరు బిడ్డలూ ఇంట్లో ఉండి, ఒక్కరు కూడా నాతో...”

“అక్కా, ఏడవబాక. గమ్మునుండు.”

“అదా అత్తా మీరు ఇన్నాళ్ళూ అనుకుంటా ఉండేది? శిక్షనా? ఏడు నెలలుగా నన్ను మాత్రం పేరు పెట్టి పిలిచినాడా? నేనేం చేసినానని నాకు శిక్ష? రాత్రి నీళ్ళు కావాలంటే మంచం పట్టె మీద కొడతాడు. నీళ్ళనుకుని నీళ్ళిస్తే తోసేస్తాడు. దుప్పటా అంటే తలూపుతాడు, కప్పితే తీసేస్తాడు. చివరికి ఇద్దరమూ కోపం తెచ్చుకుని చెరో పక్కకి తిరిగి పడుకుంటాం. ఆయనకేం కావల్సిందో తెల్లారినా తెలీదు. నాకు విసుగు లేదనుకున్నారా?”

“మరి ఆ పాట?”

“చిన్నాయనా, మీరు అడగండి ఆయన్ని. ఏడార్లెంత అని.”

“లెక్కల మాస్టర్నా? ఏరా భాస్కరా, ఏడార్లెంత? ... ఏరా? ... చూసినావా, గోడ చూస్తా ఉండాడు.”

“ఇప్పుడు ఏడొకట్ల ఏడు అని మొదలుపెట్టండి.”

“ఎందుకు?”

“పెట్టండి.”

“ఏడొకట్ల ఏడు.”

“ఏడు రెళ్ళు పద్నాలుగు. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. ఏడైదులు ముప్పై అయిదు. ఏడార్లు... నలభై రెండు.”

“ఓరి! ఆగినాడే! అక్కా, అడిగిన కాడ ఆగినాడు!”

“అదీ సంగతి. చిన్నప్పుడు వరసగా నోటికొచ్చినవి వరసగా వస్తాయి. పాటయినా అంతే, ఎక్కమైనా అంతే. ఆ వరసలోంచి ఒక్కటి విడిగా తీసి ఇమ్మంటే చెయ్యి అందదు. ‘అమ్మా’కి ముందు ఏ వరసా లేదత్తా. అది విడి మాట. అందుకే రాదు. మీ మీద కోపంతో కాదు.”

“నీకెట్టా తెలుసు?”

“పోయిన నెల తెలిసింది. ఎవురితో చెప్పాలి? నేను చెప్పిందల్లా మొగుడి తరపున వకాల్తా అంటారు.”

“వకాల్తానే మరి.”

“అమ్మా, వదిన మీద ఇంకెందుకే? ఆకలిగా ఉంది.”

“సరే. లేవండి. తమ్ముడూ, కాళ్ళు కడుక్కో. మే, ఆ స్పూను... ఉండనీలే.”

కంచాల ముందు అయిదుగురూ కూర్చున్నారు. సామ్రాజ్యం తమ్ముడు జ్ఞానప్రకాశం ప్రార్థన ముగించాడు. ప్రేమలీల, భర్త కంచం తన వైపు లాక్కుని చేప ముళ్ళు తీస్తూ ఉంది.

“పులుసు బాగుందమ్మా. అడుగంటలేదే!”

“తింటా వినండి అందరూ. నేను ఒక మాట చెప్పేస్తా, మళ్ళీ ఈ ఇంట్లో ఈ పంచాయితీ ఉండకూడదు. ఆనంద గురువారం పోదు.”

“అత్తా, ఇంత చెప్పినాక కూడా...”

“విన్నా. అంతా విన్నా. వాడికి కోపం లేదన్నావు, మంచిది, నా గుండె కొంచెం తేలిక పడింది. కానీ భయం పోలేదు. నేను ఒకసారి పొమ్మన్నా, చాలు. ఇంకోసారి ఆ మాట నా నోట రాదు.”

“అమ్మా, నీ నోట రాకపోతే నేను చచ్చిపోతా. అది తెలుసా నీకు?”

“అట్టా అనబాక! అన్నం కాడ అట్టాంటి మాటలా?”

“ఇంకెక్కడ అనాలి? నన్ను చూడండి. నలుగురున్నారు, మీరు తింటా ఉండారు. నేను రెండు ముద్దలకి ఊపిరి తీసుకుంటా ఉండా.”

“అక్కా, పోనీ కూతురు అంతగా...”

“నువ్వు గమ్మునుండు తమ్ముడూ. ఇందాక వద్దన్నది నువ్వే. వీళ్ళ నాయన ఉండుంటే ఆయన చెప్పుండును. ఆయన లేడు. ఆయన తర్వాత ఇంటికి పెద్ద భాస్కరుడు. వాడు పొమ్మంటే పోతుంది. వాడు అనలేడు కదా? అనలేడు కాబట్టి లేదు. అయిపోయింది. పెరుగెయ్యి మే.”

“ఇదేం న్యాయం అత్తా? అనలేడని తెలిసీ...”

“ఆ... ఆ...”

“ఏంది నాయనా? ఆవకాయనా? ప్రేమా, ఆవకాయ అడుగుతా ఉండాడు.”

“ఆ... ఆ...”

“ఆవకాయ కాదు, తోసేస్తా ఉండాడు. ఆనందనేమో పిలుస్తా ఉండేది.”

“అన్నా, నేనిక్కడే ఉండా. ఏం కావాలి?”

“ఉండండి అందరూ. ఎవురూ అందించబాకండి. దేనికో మొదలు వెతుక్కుంటా ఉండాడు.”

“ఆ... ఆది... ఆదివారం.”

“అవున్రా, ఈ రోజు ఆదివారమే. బాగా చెప్పినావు.”

“చిన్నాయనా, ఉండండి!”

“ఆదివారం. సోమవారం. మంగళవారం. బుధవారం... గురువారం.”

“ఆపినావేంరా? శుక్రవారం, శనివారం కూడా అనెయ్. వారం పూర్తవుతుంది.”

“గురువారం.”