పర్వతాలు సొరతీగ

"నాకు ఎవుసం రాదు సారు. మా నాయిన నన్ను జూసి, గీడు గడ్డి మొలిపిస్తె గదే శాన అన్నడు. నాకు గడ్డి గూడ సక్కగ మొలువలే."

కోతలు కొయ్యడం మొదలుపెట్టే ప్రతిసారీ పర్వతాలు ముందు తనను తాను ఇలాగే రెండు తిట్టుకుంటాడు. శామీర్‌పేట బస్టాపు పక్కన నరసింహ చాయ్ హోటల్లో కూర్చునేవాళ్ళకు అది బాగా అలవాటు. ఆ మాట వినగానే గ్లాసులు పట్టుకుని దగ్గరికి జరుగుతారు.

కానీ ఆ పొద్దు ఎదురుగా కూర్చున్నది కాలనీ గోపాలరావు. ఏలూరు దిక్కు నుంచి వచ్చి, రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మనిషి. రోజూ పర్వతాలు దగ్గరే ఆకుకూర కొంటాడు. వచ్చీ రాగానే ఒక మాట అన్నాడు.

"మా మనవరాలు హరిచందన పాలకూర చెట్టుకి కాస్తుందనుకుంటోందయ్యా. ఆదివారం పిల్లని తీసుకుని మీ పొలానికొస్తాను."

పర్వతాలుకు పొలం లేదు. అమ్మి మూడేళ్ళయింది. చుట్టుపక్కల వాళ్ళందరూ ప్లాట్లకిచ్చి, గోడలు లేచాక, ఎడ్లబండి పోయేందుకు బాట కూడా మిగల్లేదు. ఆయనా సంతకం పెట్టాడు. ఇప్పుడు మొదటి బస్సుకు బోయినపల్లి మార్కెట్టుకు పోయి, ఆకుకూర కొనుక్కొచ్చి, కట్టలకున్న దారం తెంపి గడ్డిపోచతో మళ్ళీ కట్టి, "మా చెల్కల కూర" అని, సొంత పొలంలో పండించినట్టు, కాలనీలో ఇంటింటికీ అమ్ముతున్నాడు. ఈ భూమ్మీద ఆయన్ను ఇంకా రైతు అని పిలిచేది ఆ నాలుగు వీధులే. ఆ పిలుపు పోతే మిగిలేది నెత్తిమీది గంప. కాబట్టి ఆ పొద్దు కోతలు సరదాకు కాదు. ఎట్లాగైనా ఆదివారం ఆపాలి.

"రావద్దని గాదు సారు. తోవకు సొరతీగ అడ్డమున్నది."

"తీగేగా, దాటతాం."

"దాటుతరా? ఇనుర్రి మల్ల. నాలుగు గింజలు వెట్టిన. మూడు సచ్చినయ్, నా చెయ్యి గసొంటిది. ఒక్కటి మొలిసింది. పందిరేసిన. పొద్దుగాల తీగ పందిరి మీదున్నది, పగటాల్లకు పందిరే తీగ మీదున్నది. అటెన్క ఏమైందో ఎర్కేనా?"

"చాయ్ తాగనీకి గిటొచ్చిందా?" అన్నాడు నరసింహ, గిన్నెలో చక్కెర వేస్తూ.

"రోడ్డెక్కింది. సికింద్రాబాద్ బస్సు ఆగి ఉండె, కొస వోయి కిటికీల వడ్డది. కండక్టర్ జూడలే. బస్సు ఉరుకుతాంది, తీగ సాగుతాంది. నేనీడ మొదట్ల నీళ్ళు వోస్తున్న, ఆడ సికింద్రాబాద్ల కాయలు కాస్తున్నయ్. దిగినోల్లు దిగినట్టు తెంపుకొని పోయిన్రు. మాపటికి అదే బస్సుల వాపస్ వచ్చింది. సీటు దొరకక నిలవడి వచ్చింది, పాపం."

గోపాలరావు పకపకా నవ్వాడు. "మరి మా ఆవిడకిచ్చిన సొరకాయ జానెడే ఉందేమయ్యా?"

"అది పిందె సారు. అసలు కాయ ఇంకో కొమ్మకు కాసింది. ఆ కొమ్మ కీసరకు వోయింది. తెల్లారి లేసి కీసరోల్లు, ఇదేంది ఇంకో గుట్ట మొలిసిందని పరేషాన్. రంపం వెట్టి కోస్తే రంపం ఇరిగింది. ఆఖరుకు పొక్క జేసి లోపలికి వోయి గుజ్జు తీసుకున్నరు. ఖాళీ అయినంక రెండు వానకాలాలు మేకలు దాంట్లనే కట్టేసిన్రు."

"గన్ని నీళ్ళు ఏడియిరా దానికి?" అడిగాడు నరసింహ.

"గదే గద బాధ. పోయినేడు చెరువు ఎండితె అందరు వానల్లేవన్నరు. వానలు మంచిగనే వడ్డయ్. తాగింది నా సొరతీగ. ఎడ్లు తాగినట్టు సప్పుడు గూడ ఇనవడేది. గిప్పుడది మస్తు ఆకలి మీదున్నది సారు. చిన్నపిల్లను దెస్తె చేతికి చుట్టుకుంటది, ఇడువది. జర కొన్నొద్దులు పోనియ్యిర్రి, నేనే చెప్త."

గోపాలరావు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "అలాంటి తీగని చూడకపోతే ఎలాగయ్యా. పిల్ల ఎగిరి గంతేస్తుంది. ఆదివారం ఎన్నింటికి రమ్మంటావ్?"

పర్వతాలు గ్లాసు ఎత్తి తాగాడు. అందులో చాయ్ ఎప్పుడో అయిపోయింది.

పక్కన ఎంకయ్య కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఇద్దరి పొలాలకూ ఒకటే గట్టు. కళ్ళకు పొరలొచ్చి ఏదైనా తడిమే చూస్తాడు. గంపలోంచి కొత్తిమీర కట్ట తీసి వాసన చూశాడు. వేళ్ళు వాటంతటవే వేర్ల దగ్గరికి పోయి మట్టిని నలిపాయి.

"గీ మట్టి జిగటగున్నదేందిరా పర్వతాలు? మనది ఇసుక చెల్క గద. ఇది రేగడి. యాడిది?"

నరసింహ స్టవ్ మీదికి తల వంచుకున్నాడు. గోపాలరావు కట్టను చూసి, పర్వతాలును చూశాడు. రేగడి మట్టికి చెప్పడానికి పర్వతాలు దగ్గర మూడు అబద్ధాలు తయారుగానే ఉన్నాయి. ఒక్కటీ నోటిదాకా రాలేదు.

"మార్కెట్ది సారు."

"మరి మీ పొలం?"

"ఉన్నది. మీ ఇంటి కింద."

"మేము బిల్డరు దగ్గర కొనుక్కున్నామయ్యా," అన్నాడు గోపాలరావు, సంజాయిషీ చెబుతున్నట్టు.

"ఎర్కే సారు. మీరేమన్న గుంజుకున్నరా. నేనే సంతకం వెట్టిన."

"నోరు జారిన్రా, అనకుంటె అయిపోతుండె," అన్నాడు ఎంకయ్య. పర్వతాలు ఆయన చెయ్యి పట్టుకుని, అంటిన మట్టిని తన తువ్వాలతో తుడిచాడు.

"మా వంటగది ఉన్నచోట ఏముండేది?" అడిగాడు గోపాలరావు.

"మెంతికూర. చిన్న మడి."

"హాల్లో?"

"సగం టమాట. సగం ఖాళీ. నీళ్ళు అందకపోతుండె."

"దేవుడి గదిలో?"

"ఆడ ఏం ఎయ్యలే సారు. యాపచెట్టు నీడుండె. నేను, మా ఇంటిది గాడ కూసొని సద్ది తింటుంటిమి."

గోపాలరావు ఎంకయ్య చేతిలోని కొత్తిమీర కట్ట తీసుకుని సంచిలో వేసుకున్నాడు. "ఆదివారం మా ఇంటికి రావయ్యా. ఎక్కడ ఏముండేదో పిల్లకి నువ్వే చూపించు."

"వస్త. పిల్లకు నన్నేమని చెప్తరు సారు?"

గోపాలరావు రైతు అనబోయి, వంగి గంపను పర్వతాలు నెత్తికి ఎత్తాడు.