ఉలులన్నీ వాటి గూళ్లలోనే ఉన్నాయి

నా పేరు, ఇంటి నంబరు పై గడిలో రాసుకున్నారు. వయసు యాభై ఒకటి. ఏం పని చేస్తారని అడిగారు. ఇల్లు చూసుకుంటాను. ఇంటి లెక్కలు, మా ఆయన వడ్రంగం లెక్కలు నేనే రాస్తాను. కడుతున్న భవనం మూడో అంతస్తు మీంచి పడి మొన్న మంగళవారం చనిపోయిన వడ్రంగి నా భర్త. ఆయన మనసు విరిగి తనంతట తానే దూకారని టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టమని ఈ రోజు నన్ను స్టేషన్‌కు పిలిపించారు. చదివాను. పెట్టను. ఎందుకు పెట్టనో ఇన్‌స్పెక్టర్‌గారి ఎదుట చెబుతున్నాను. చూసింది చూశానని, చూడనిది చూడలేదని రాయమని రైటర్‌గారిని ముందే అడిగాను.

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు నేను కరెంటు బిల్లు కట్టడానికి వెళ్లాను. ఆయన అప్పుడు వరండాలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నారు. బిల్లు కట్టే చోట వరుస పెద్దది. పదకొండుంబావుకు తిరిగి వచ్చాను. ఆయన ఇంట్లో లేరు. వెనక షెడ్డుకు తాళం వేసి ఉంది. ఆయన వెళ్లడం నేను చూడలేదు. చేతిలో ఏముందో చూడలేదు.

మధ్యాహ్నం మూడూ ఇరవైకి నా తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ భవనం కట్టిస్తున్న మేస్త్రి నా తమ్ముడే. బావ పైనుంచి పడిపోయాడని, ఆటోలో పెద్దాసుపత్రికి పంపానని, నన్ను నేరుగా అక్కడికి వచ్చెయ్యమని చెప్పాడు. నేను చెప్పులు వెతుక్కుంటుంటే మళ్లీ అడిగాడు.

"అక్కా, పొద్దున బావ బయల్దేరేటప్పుడు నువ్వు ఇంట్లో ఉన్నావా?"

"లేనురా, బిల్లు కట్టడానికి వెళ్లాను" అన్నాను. ఆ ప్రశ్న ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

మూడూ నలభై అయిదుకు ఆస్పత్రి చేరాను. అప్పటికే దుప్పటి కప్పేశారు. దుప్పటి పొట్టిది. పాదాలు బయటికి ఉన్నాయి. ఎడమ కాలికి చెప్పు లేదు. నర్సు ఆయన జేబులో వస్తువులు ఒక కవరులో వేసి ఇచ్చింది: కళ్లజోడు, కొత్తగా చెక్కిన పెన్సిలు, రుమాలు, తలుపుల మడతబందులకు వేసే స్క్రూలు కొన్ని. ఆయన జేబులో స్క్రూలు ఉండడం కొత్త కాదు. బట్టలు ఉతికిన ప్రతిసారీ బకెట్టు అడుగున దొరుకుతాయి. కాబట్టి వాటిని నేను రుజువుగా చెప్పడం లేదు.

భవనం నుంచి ఆస్పత్రికి బండి మీద పది నిమిషాలు. నా తమ్ముడు నాలుగూ నలభైకి వచ్చాడు. అంతసేపూ నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. వాడు వచ్చి నా కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఏడ్చాడు. అది నటన అని నేను చెప్పను.

బుధవారం పొద్దున పది గంటలకు ఇన్‌స్పెక్టర్‌గారు మా ఇంటికి వచ్చారు. నా తమ్ముడు అంతకుముందే స్టేషన్‌లో చెప్పి ఉన్నాడు: ఆ రోజు బావకు అక్కడ పనేమీ లేదని, తలుపులు బిగించే పని వచ్చే వారమని, కాంక్రీటు ఆరాలని కూలీలకు కూడా సెలవిచ్చానని, బావ ఈమధ్య దిగులుగా ఉంటున్నాడని. దిగులు మాట నిజం. రెడీమేడ్ తలుపులు వచ్చాక ఆయనకు పని తగ్గింది. కొన్ని సాయంత్రాలు లైటు వేసుకోకుండా షెడ్డులో బల్ల మీద ఊరికే కూర్చునేవారు. కానీ దిగులుపడేవాళ్లందరూ మేడలెక్కి దూకరు.

ఇన్‌స్పెక్టర్‌గారు షెడ్డు చూడాలన్నారు. తాళంచెవి గుమ్మం పైన ఉంటుంది. నా తమ్ముడే అందుకుని తలుపు తీశాడు. ఇన్‌స్పెక్టర్‌గారు నాలుగు గోడలూ చూసి నాతో అన్న మాట ఇది:

"పనిముట్లన్నీ ఇక్కడే ఉన్నాయమ్మా. పనికి వెళ్లినవాడు వీటిని వదిలి వెళ్లడు కదా. అన్నీ ఒద్దికగా సర్దిపెట్టి మరీ వెళ్లారు. పోదామనుకున్నవాళ్లు ఇలాగే చేస్తారు."

నేను అప్పుడు ఉలుల వంక చూస్తున్నాను.

ఆ షెడ్డు సంగతి చెప్పాలి. రెండు మంచాలు వేస్తే నిండిపోయే రేకుల షెడ్డు. పన్నెండేళ్ల కిందట ఆయన పనిచేసే ఫర్నిచరు దుకాణం మూతపడితే అందులోనే పని మొదలుపెట్టారు. మొదట్లో ఎక్కడ తీసిన వస్తువు అక్కడే పడి ఉండేది. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని అదే పెన్సిలు కోసం ఇల్లంతా గాలించేవారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అదే. రంపం మీద రంపం పడేస్తే పళ్లు పోతాయి. చెమ్మ గోడకు ఆనిస్తే పలకలు వంగుతాయి. చెప్పి చెప్పి విసిగి, సర్దడానికి నేనే దిగాను.

గోడకు ప్లైవుడ్ పలక కొట్టించి, ఒక్కో పనిముట్టునూ దాని మీద ఆనించి చుట్టూ నీలం రంగుతో గీత గీశాను. ఏది తీసినా దాని ఖాళీ కనబడుతుంది. సీసా మూతలను అలమర కింది వైపు బిగించి, మేకులు, స్క్రూలు పోసిన సీసాలను వాటికి తిప్పి వేలాడదీశాను. గరుకు కాగితాలు గరుకును బట్టి పాత ఫైలు అట్టల మధ్య పెట్టాను. పొడుగు చెక్కలు మూలన నిలువుగా, చిన్న ముక్కలు పెట్టెలో. ఆయన వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు.

"పనిముట్లన్నిటికీ నీడలు గీశావు. నాకూ ఒకటి గీసిపెట్టు, ఇంట్లో నేనెక్కడ నిలబడాలో తెలుస్తుంది" అన్నారు.

నవ్వుతూనే అన్నారు. నవ్వుతూనే అలవాటు పడ్డారు కూడా. తీసిన రంపం తీసిన గీతలోకే వెళ్లేది. ఒక్క ఉలుల దగ్గరే నా మాట సాగలేదు.

ఉలులకు బల్ల పక్కన ఆరు గూళ్ల చెక్క ఉంది. గూళ్లన్నీ ఒకే వెడల్పు. ఎడమ నుంచి కుడికి, సన్నది మొదలు వెడల్పుది దాకా, ప్రతి గూటి కింద కొలత రాసి చీటీ అంటించాను. ఆయన ఒక్క రోజు కూడా ఆ వరుసలో పెట్టలేదు. పావు అంగుళం అని రాసి ఉన్న మొదటి గూట్లో అంగుళం ఉలి పెట్టేవారు, అది ఎక్కువ వాడతారు కాబట్టి. పావు అంగుళం ఉలి అన్నిటికన్నా చివర. మధ్యవి ఆయన ఇష్టం. ఇలా అయితే చీటీలెందుకని గొడవపడ్డాను.

"నా చెయ్యి చదువుకోలేదే" అన్నారు. "అది చీటీ చూసి పోదు. అలవాటు కొద్దీ పోతుంది."

చీటీలైనా పీకేద్దామనుకున్నాను, పీకలేదు. చీటీలు నావి, వరుస ఆయనది. ఆ చీటీల మీద రాసింది అబద్ధమని లోకంలో ఇద్దరికే తెలుసు.

బుధవారం పొద్దున ఉలులన్నీ చీటీల ప్రకారం ఉన్నాయి. పావు అంగుళం దాని గూట్లో, అరంగుళం దాని గూట్లో, అంగుళం దాని గూట్లో. పన్నెండేళ్లు నేను అడిగిన వరుస అది. అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"సర్ది ఉండాలని మీరే గొడవపడేవారు కదమ్మా. ఆఖరి రోజున మీ కోసం సర్ది ఉండొచ్చు కదా" అని ఇన్‌స్పెక్టర్‌గారు ఇప్పుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేనూ ఒక పూట అలాగే అనుకోవాలని చూశాను. కానీ షెడ్డు తలుపు వెనక సంచి ఉంది. ఆయన పనికి తీసుకెళ్లే గుడ్డసంచి. ఇంటికి రాగానే నేల మీద కుప్పగా పడేస్తారు. ఆ రోజు అది మూడు మడతలు వేసి, పిడులు లోపలికి దోపి, కొక్కేనికి తగిలించి ఉంది. అలా మడిచేవాళ్లు నాకు తెలిసి ఇద్దరు. ఒకరు నేను. ఆ సంచి నేను మడవలేదు.

రెండోవాడు నా తమ్ముడు. మా అమ్మ పోయేనాటికి నాకు పదహారేళ్లు, వాడికి ఆరు. బట్టలు మడవడం, తీసింది తీసిన చోట పెట్టడం, డబ్బా మీద ఏం రాసి ఉంటే అదే అందులో పోయడం వాడికి నేర్పింది నేనే. పంచదార డబ్బాలో ఉప్పు పోసినందుకు ఒకసారి వీపు మీద కొట్టాను కూడా. ఆ తర్వాత వాడు చీటీ చదవకుండా ఏ డబ్బా మూతా తీయలేదు.

గురువారం ఆయన్ని సాగనంపాం. పనులన్నీ నా తమ్ముడే చూశాడు.

ఈ రోజు పొద్దున ఏడు గంటలకు వాడిని షెడ్డులోకి పిలిచాను. మేమిద్దరమే ఉన్నాం.

"ఉలులు నువ్వే పెట్టావు కదరా?" అన్నాను.

వాడు గూళ్ల వంక చూశాడు. "చీటీల ప్రకారమే పెట్టానక్కా" అన్నాడు.

"మీ బావ అలా పెట్టరు."

వాడు బల్ల మీద కూర్చుండిపోయాడు. ఇక్కణ్నించి కొంతవరకు వాడు చెప్పింది, నేను చూడనిది. ఆ రోజు మా ఆయన్ని పనికి పిలిచింది వాడే. ఇద్దరూ కలిసి ఒక తలుపు మోసుకెళ్తున్నారు. అటు కొస ఆయన, ఇటు కొస వాడు. ఆయన వెనక్కి నడుస్తున్నారు. ఆ వైపు ఇంకా పిట్టగోడ లేదు. అడ్డంగా తాడు కూడా కట్టలేదు. కట్టమని మా ఆయన అంతకుముందే రెండుసార్లు అన్నారట. వాడికి ఫోన్ వచ్చింది. ఒక చేత్తో తలుపు పట్టుకుని రెండో చేత్తో ఫోన్ తీశాడు.

"దారి చూసుకోవాల్సింది నేనక్కా. ఆగు బావా అని నోరు తెరిచేసరికి తలుపు నేనొక్కడినే పట్టుకుని ఉన్నాను" అన్నాడు.

చప్పుడు విని పక్కింటివాళ్లు ఆటో పిలిచారు. ఆయన్ని వాళ్లతో పంపించి, నాకు ఫోన్ చేసి, పనిముట్లు సంచిలో వేసుకుని మా ఇంటికి వెళ్లాడు. నన్ను ఆస్పత్రికి పంపి తాను మా ఇంటికి వెళ్లాడు. నేను ఆయన పాదాల దగ్గర కూర్చుని ఉన్న సమయంలో వాడు ఉలులు సర్దుతున్నాడు. పని చేయిస్తుండగా పడ్డాడంటే జైల్లో వేస్తారని భయమేసిందట.

"బావ ఎలాగూ తిరిగి రాడు. నాకిద్దరు చిన్నపిల్లలున్నారు. నన్ను కూడా పోగొట్టుకుంటావా అక్కా?" అన్నాడు.

"ఆయన చేతిలో తలుపుతో పోయారు. చేతులూపుకుంటూ వెళ్లి దూకారని రాసి, దాని కింద నన్ను సంతకం పెట్టమంటున్నారు. ఎలా పెట్టమంటావు?" అన్నాను.

నా తమ్ముడు ఆయన్ని తొయ్యలేదు. అలా ఎవరూ రాయకూడదు. తాడు కట్టకపోవడం, వెనక చూసుకోకపోవడం ఒకటి. చనిపోయిన మనిషి చేతిలోంచి పని లాక్కుని గోడకు తగిలించడం రెండోది. రెండూ విడివిడిగా రాయాలి. షెడ్డుకు తాళం వేసి వచ్చాను. తాళంచెవి ఈ కాగితంతో పాటు ఇస్తున్నాను. ఫొటోలు తీసేదాకా ఉలులు ఎవరూ ముట్టుకోవద్దని కోరుతున్నాను.

ఇక్కడ ఏం చెప్పబోతున్నానో వాడికి షెడ్డులోనే చెప్పాను. నేను ఆటో కోసం బయటికి వస్తే వాడు బండి తీశాడు. గుంతలున్న చోట నెమ్మదిగా నడిపాడు. ఇప్పుడు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

ఇందులో ఉన్నవన్నీ నా మాటలే. ఎవరూ నేర్పలేదు, ఎవరూ బెదిరించలేదు. రైటర్‌గారు రాసింది నేనే మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నాను, సరిగ్గా ఉంది. ఒక్కటే దిద్దించాను. వాడి మాట వచ్చిన ప్రతిచోటా ఆయన 'మృతుడి బావమరిది' అని రాశారు. కొట్టేసి 'నా తమ్ముడు' అని రాయించాను. కొట్టివేత ఉన్న ప్రతిచోటా పక్కన నా పొడి సంతకం ఉంది.

(సంతకం)