వాక్యం చెప్పని ఆదివారం

తుంగతుర్తి చర్చిలో ఆదివారం ఆరాధన ముగిసింది. వేదాంత కళాశాల నుంచి సెలవులకు వచ్చిన కూతురూ, తల్లీ ఇంటికి నడుస్తున్నారు.

“పాస్టరయ్య పిలిసినా వాక్యం చెప్పకపోతివి. ఫెయిలైనవా బిడ్డా? కాలేజీల నుంచి ఎల్లగొట్టిండ్రా?”

“మంచిగనే పాసైనమ్మా.”

“మరి దేవుని మీద నమ్మకం పోయిందా? నాకు బయమైతున్నది.”

“పోలేదే. పోయిన సెలవుల్ల సంతోషం గురించి గంటసేపు వాక్యం చెప్పిన, యాదుందా?”

“అందరు మెచ్చుకున్నరు గదా!”

“ఎలీసమ్మ పెద్దమ్మ మెచ్చుకోలే. అప్పటికి ఆమె కొడుకు పోయి పదిరోజులే. తెల్సి గూడ నేను ఒక్కమాట అడగలే. కాలేజీల మోకరించినప్పుడల్లా ఆమె ముఖమే కనవడ్డది.”

“అందుకేనా, ఇయ్యాల ఆమె పక్కన సాప మీద కూసున్నవ్? ఏం చెప్పినవ్?”

“ఏం చెప్పలే. ఆమె కొడుకు సంగతులు చెప్తుంటే ఇన్న. గీ ఏడు నేను నేర్సుకున్నది గదేనమ్మా.”

తల్లి దారిపక్కన ఒక ఇంటి అరుగు దగ్గర ఆగింది.

“మరి నన్నెప్పుడన్న అడిగినవా, నాకు గింత బయమెందుకని?”

“అడగలేదమ్మా. నీ బయం జూసి నవ్వుకున్న గంతే. దేనికి బయమైతది నీకు?”

“అన్నిటికి.”

“అయితే గీ అరుగు మీద కూసో. ఒక్కొక్కటి చెప్పు, నేను ఇంటా.”